వర్డ్‌లో ‘రిస్ట్రిక్ట్ ఎడిటింగ్’ రెండేళ్లు వాడాక నా మాట

భీమవరం వైపు చేపల చెరువుల లీజు అగ్రిమెంట్లు టైపు చేయడం నా పని. డ్రాఫ్టు వర్డ్‌లో కొట్టి ఇద్దరికీ వాట్సాప్ చేస్తాను, సరే అన్నాక స్టాంపు పేపరు మీద ప్రింటు. ఒకసారి పార్టీ వాళ్లు తొందరపడి ఆ ఫైలు వేరే షాపులో ఇచ్చారు (పేరు చెప్పను), అక్కడి కుర్రాడు మ్యాటర్ రెండో పేజీకి పోకుండా సర్దుతూ హద్దుల్లో ఒక వరుస లేపేశాడు. తూర్పు ఉంది, దక్షిణం ఉంది, ఉత్తరం ఉంది, పడమర లేదు! ఆ పడమరే మురుగు కాలువ, చెరువు నీళ్లు వదిలేది అందులోకే. సంతకాలయ్యాక చూసుకున్నారు, తిట్లు మాత్రం నాకు.

అప్పట్నుంచి, ఫైల్లో ఎవరు ఏం మార్చొచ్చో కట్టడి చేసే ఈ ‘రిస్ట్రిక్ట్ ఎడిటింగ్’ వాడుతున్నాను. రివ్యూ ట్యాబ్‌లో కుడివైపు ఉంటుంది. నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది, అందులో ‘నో ఛేంజెస్’ పెడితే చదవడమే, ‘కామెంట్స్’ పెడితే పక్కన మాట రాయగలరు కానీ మ్యాటర్ ముట్టుకోలేరు, ‘ట్రాక్డ్ ఛేంజెస్’ పెడితే ఎవరు ఏం మార్చినా గుర్తు పడుతుంది. నాకు బాగా పనికొచ్చింది ఎక్సెప్షన్స్, అంటే మినహాయింపులు. ‘నో ఛేంజెస్’ పెట్టి, పేర్లు, ఆధార్ నంబరు, సాక్షుల వివరాలు ఉన్నచోట్ల మాత్రం సెలెక్ట్ చేసి ‘ఎవ్రీవన్’ టిక్ పెడతాను. ఆ ముక్కలు బ్రాకెట్లలో పసుప్పచ్చగా కనిపిస్తాయి, అక్కడ టైపు చేసుకోవచ్చు, హద్దుల జోలికి పోతే కీబోర్డు పలకదు.

పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తే మాత్రం దండగ, ‘స్టాప్ ప్రొటెక్షన్’ ఎవరైనా నొక్కేస్తారు. ‘మార్క్ యాజ్ ఫైనల్’ అని ఇంకోటి ఉంది, దాన్ని తాళం అనుకోకండి, పైన వచ్చే పసుపు పట్టీలో ‘ఎడిట్ ఎనీవే’ నొక్కితే అయిపోయింది.

ఇక అసలు లోటు. పాస్‌వర్డ్ పెట్టినా ఇది తడిక తలుపే. మ్యాటరంతా కాపీ చేసి కొత్త ఫైల్లో పేస్ట్ చేస్తే ఏ అడ్డూ లేదు. వర్డ్ ఫైలు (.docx) లోపల జిప్ లాంటిదే, చిన్న ఫైళ్ల మూట కాబట్టి, తెలిసినవాడు దాన్ని విప్పి సెట్టింగ్స్‌లో ఆ ఒక్క ముక్క తీసేస్తాడు. ఫోన్లో వేరే యాప్‌తో తెరిస్తే ఈ తాళాన్ని పట్టించుకోవడం ఆ యాప్ ఇష్టం. చెయ్యి జారి జరిగే పొరపాట్లకి ఇది చాలు, కావాలని మార్చేవాడికి చాలదు. ఫైలు అసలు తెరవకూడదంటే ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ ఉంది, అది గట్టిది, కానీ మర్చిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వదు. నా పాత లీజు ఫైలొకటి అలాగే పోయింది.

తెలుగువాళ్లకి ఇంకో తలనొప్పి. ఫైలుకి ఎంత తాళం వేసినా, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిన మ్యాటర్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలే. అందుకే దాదాపు ఏ కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లో కొడుతున్నాను, ప్రింటుకి పీడీఎఫ్ పంపుతున్నాను, వర్డ్ ఫైలు దిద్దుబాట్ల వరకే.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ చెరువు రైతుగారు మాత్రం ఈ తాళాలేవీ నమ్మరు, సంతకం పెట్టేముందు ఇప్పటికీ వేలు పెట్టి నాలుగు దిక్కులూ లెక్కపెడతారు.