ఫీల్డ్ వైరు పీకి చూడనిచ్చిన వీఆర్ ల్యాబ్: మూడేళ్ల వాడకం తర్వాత

డీసీ షంట్ మోటార్ తిరుగుతుండగా ఫీల్డ్ వైరు (మోటార్‌లో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే చుట్టకు వెళ్లే వైరు) ఊడకూడదని మెషీన్స్ ల్యాబ్‌లో మొదటి రోజే చెబుతాం. ఎందుకంటే, ఫ్లక్స్ (ఆ అయస్కాంత బలం) పడిపోతే బ్యాక్ ఈఎంఎఫ్ (సప్లైకి ఎదురుగా మోటార్‌లో పుట్టే వోల్టేజీ) రావడానికి స్పీడు పెరిగిపోవాలి. పిల్లలు రాసుకుంటారు, వైవాలో అప్పజెబుతారు. పన్నెండేళ్లుగా చెబుతున్నాను కానీ, అది జరగడం కళ్లారా చూసిన విద్యార్థి మా కాలేజీలో ఒక్కరూ లేరు. నిజం మోటార్ మీద ఎలా చూపిస్తాం?

మూడేళ్ల కిందట మా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) డిపార్ట్‌మెంట్‌కు నాలుగు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు, వాటిలో మెషీన్స్ ల్యాబ్ సిమ్యులేషన్ వచ్చాయి. తప్పు చేస్తుంటే అది అడ్డుపడదు. నాకు నచ్చింది ఈ ఒక్కటే, కానీ చాలా నచ్చింది.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి, స్టార్టర్ లేకుండా రియోస్టాట్‌తో (మార్చగలిగే రెసిస్టెన్స్) మోటార్ నడిపి, లోడ్ లేనప్పుడు ఫీల్డ్ వైరు తీసేసింది. నిమిషానికి 1500 చుట్ల దగ్గరున్న స్పీడు 3000 దాటింది. మోత పెరిగేసరికి కెవ్వున అరిచి చేతులు వెనక్కి లాక్కుంది. కాసేపటికి తనంతట తనే త్రీ పాయింట్ స్టార్టర్ పెట్టి మళ్లీ వైరు తీసింది. ఈసారి స్టార్టర్ హ్యాండిల్‌ను పట్టి ఉంచే నో వోల్ట్ కాయిల్ వదిలేసి, హ్యాండిల్ టక్కున ఆఫ్‌కి వచ్చేసింది. "మేడమ్, నో వోల్ట్ కాయిల్ ఫీల్డ్‌తో సిరీస్‌లో పెట్టింది ఇందుకా?" అంది. వెంటనే, "మరి ఫోర్ పాయింట్ స్టార్టర్‌లో కాయిల్ విడిగా సప్లైకి ఉంటుంది కదా?" అని అడిగింది. అదీ కలిపి చూశాం. హ్యాండిల్ కదల్లేదు, స్పీడు పెరిగిపోయింది. ఆ రోజు ఇంటికెళ్లి మా వారికి ఇదంతా రెండుసార్లు చెప్పాను.

అసలు ల్యాబ్‌లో అయితే ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) కరెంటు ఒక్కసారిగా పెరిగి ముందే ఫ్యూజు పోయే అవకాశం ఎక్కువ. సిమ్యులేషన్‌లో ఫ్యూజు పోదు. ఆ సంగతి నేనే చెప్పాల్సి వస్తోంది.

పోయిన సెమిస్టర్‌లో జరిగింది ఇంకా పెద్ద విషయం. నిజం బెంచి దగ్గర ఒక అబ్బాయి మెయిన్ స్విచ్ ఆపకుండానే అమ్మీటర్ వైరు మార్చబోయాడు. 220 వోల్టుల డీసీ! మా ల్యాబ్ టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. "వీఆర్‌లో అలాగే మార్చేవాళ్లం కదా మేడమ్" అన్నాడు వాడు. నా గుండె జారిపోయింది. వీఆర్ వల్ల పిల్లలకు భయం పోయిందని మొదటి ఏడాది స్టాఫ్ మీటింగులో సంతోషంగా చెప్పింది నేనే. ఇప్పుడు ఆ మాట అనను. ముందు నెల రోజులు నిజం వైరింగ్, టెర్మినల్ బిగించడం, స్విచ్ ఆపడం అలవాటయ్యాకే హెడ్‌సెట్ ఇస్తున్నాను.

పావుగంట దాటితే కొందరికి తల తిరుగుతుంది. కళ్లజోడు వాళ్లకు ఇబ్బందే. అరవై మందికి నాలుగు హెడ్‌సెట్లంటే వంతు రావడమే కష్టం. సర్క్యూట్ అర్థం కావడానికైతే కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ బ్రౌజర్‌లో ఉచితంగానే ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో మా పిల్లలను ఆదుకున్నవి అవే.

మా దగ్గర పనిచేసే మోటార్లు, కన్ను ఆర్పకుండా చూసుకునే టెక్నీషియన్ ఉన్నారు కాబట్టి ఇది నాకు ఉపయోగపడింది. మోటార్లు మూలన పడేసి వాటి బదులు దీన్ని కొందామనుకునే కాలేజీకి మాత్రం నేను కొనమని చెప్పలేను. ఫీల్డ్ వైరు ప్రయోగానికి మాత్రం వచ్చే బ్యాచ్‌కూ ఇదే వాడతాను.