సీ-122 వీ-బెల్టులు: గుంతకల్లులో ఏళ్ల తరబడి వాడాక

సీ-122 వీ-బెల్టు నమ్మదగిన సరుకు. గుంతకల్లులో రైలు కోచ్‌ల లైటింగ్ పనిలో ఏళ్ల తరబడి వీటిని ఎక్కించాను, దించాను. బెల్టు తెగితే చాలామంది ముందు కంపెనీనే తిడతారు. నేను మాత్రం ముందు పుల్లీ చూస్తాను, ఆ తర్వాతే బెల్టు చూస్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పాత ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ డిజైన్) కోచ్‌లలో లైట్లకు, ఫ్యాన్లకు కరెంటు ఇంజను నుంచి రాదు. కోచ్ కింద కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వేలాడుతూ ఉంటుంది. ఇరుసు మీది పెద్ద పుల్లీ బెల్టులతో దాన్ని తిప్పుతుంది, దాంతో 110 వోల్టుల బ్యాటరీలు ఛార్జి అవుతాయి. స్లీపర్ కోచ్‌లోని 4.5 కిలోవాట్ల ఆల్టర్నేటర్‌కు నాలుగు బెల్టులు. ఏసీ కోచ్‌లోని 25 కిలోవాట్ల దానికి అటు ఆరు, ఇటు ఆరు. సీ సెక్షన్ అంటే పైన 22 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల మందం. 122 అనేది అంగుళాల్లో పొడవు.

అసలు సంగతి సెట్టు దగ్గరుంది. బెల్టు మీద 50 అనో, 51 అనో గ్రేడ్ నంబరు అచ్చు వేసి ఉంటుంది. ఒకే సైజు బెల్టుల పొడవులో వచ్చే చిన్న తేడాను అది చెబుతుంది. ఒక పుల్లీ మీద అన్నీ ఒకే నంబరువి ఉండాలి. నాలుగింట్లో ఒకటి తెగిందని కొత్తది ఒక్కటే వేస్తే, సాగిపోయిన పాత మూడూ వదులుగా తిరుగుతాయి, బరువంతా కొత్తదాని మీద పడుతుంది. అది త్వరగా తెగుతుంది, నింద తయారీదారు మీదికి పోతుంది. స్టాకు తక్కువగా ఉన్నా సరే, మార్చితే నాలుగూ మార్చాలి. దించిన వాటిలో బాగున్నవాటిని గ్రేడ్ ప్రకారం కట్టలు కట్టి పెట్టుకుంటే, పాతవాటితోనే ఇంకో సెట్టు అవుతుంది.

వీ-బెల్టు పట్టంతా పుల్లీ గాడి పక్క గోడల మీదే. గాడి అరిగి బెల్టు అడుగుకు ఆనిందంటే ఎంత బిగించినా జారుతుంది. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే పుల్లీ పని అయిపోయినట్టే. రాత్రి బండి స్టేషన్‌లో ఆగగానే లైట్లు మసకబారాయంటే బ్యాటరీతో పాటు ఈ గాడినీ చూడాలి.

ఇరుసు పుల్లీ రెండు ముక్కలుగా వచ్చి బోల్టులతో బిగుస్తుంది. అది పక్కకు జరిగితే బెల్టుల అంచులు ఒకవైపే అరుగుతాయి. పుల్లీ నుంచి ఇరుసు మీదికి తెల్ల రంగు గీత వేసి ఉంచుతారు. గీత తెగి కనిపిస్తే జరిగిందన్నమాట. ఎదురెదురు పుల్లీల ముఖాలకు దారం పట్టి చూసినా తేడా తెలుస్తుంది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. అయినా ఎక్కువమంది దాటవేసేది దీన్నే. అది నాకు చాలా బాధ.

బెల్టులను బిగించి ఉంచే టెన్షన్ స్ప్రింగ్ వదులు చేసి బెల్టు చేత్తో ఎక్కించాలి. గడ్డపారతో సాగదీసి ఎక్కిస్తే పైకి ఏమీ కనబడదు కానీ లోపలి దారాలు తెగుతాయి. కొత్త సెట్టు మొదటి ప్రయాణంలోనే గాడుల్లో సర్దుకుని కొంచెం సాగుతుంది, కాబట్టి బండి తిరిగొచ్చాక మళ్లీ బిగించాలి. మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగు వేడెక్కుతుంది. జారుతోందని నూనో, జిగురో రాయొద్దు. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది.

మా అనంతపురం ఎండ బెల్టుకు మంచిది కాదు. ఎండలో పడేసిన కొత్త బెల్టు ఎక్కించకముందే పైన సన్నగా బీటలు వారుతుంది. నీడలో, మేకుకు కాకుండా వెడల్పాటి గుండ్రటి కొయ్యకు వేలాడదీయాలి. పట్టాల మీది కంకర ఎగిరి తగిలో, పశువులు అడ్డం పడో తెగితే మాత్రం ఎవరూ చేయగలిగిందేమీ లేదు.

వీ-బెల్టులు రాకముందు డైనమోలకు క్లిప్పుతో అతికిన చదును బెల్టులు ఉండేవి. వానకు జారిపోయేవని పెద్దవాళ్లు చెప్పేవారు. వాటితో పోలిస్తే వీ-బెల్టు ఎంతో మేలు, ఒకటి తెగినా బండి ఊరు చేరేదాకా మిగతావి ఆల్టర్నేటర్‌ను తిప్పుతాయి. ఐసీఎఫ్ డిజైన్ కోచ్‌ల తయారీ 2018లో ఆగింది. ఉన్నవి తిరుగుతున్నంత కాలం ఈ బెల్టుల పని ఉంటుంది. సీ సెక్షన్ బెల్టులు వాడే బుడ్డల (వేరుశనగ) మిషన్ల వాళ్లకూ, పిండి మరల వాళ్లకూ నా మాట ఇదే: కొనేటప్పుడు ధర కన్నా ముందు గ్రేడ్ నంబర్లు కలిశాయో లేదో చూసుకోండి.