స్పీడ్ తగ్గింది, తాళం కుదిరింది: పాత ఆర్చర్ సి7 రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి, ఎస్‌క్యూఎమ్

మా అమ్మ ప్రతి శనివారం సాయంత్రం ఏడింటికి టెక్సాస్‌లో ఉన్న ముగ్గురు పిల్లలకి వీడియోలో సంగీతం చెబుతుంది. అదే టైముకి కింద గదిలో మా తమ్ముడు పెళ్లి ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాడు. వాడి వృత్తే అది. సరళీ వరసలు రెండోదో మూడోదో దాటేసరికి అటు పిల్ల బొమ్మ బిగుసుకుపోయేది, గొంతు ముక్కలయ్యేది. క్లాసులో సగం "వినబడుతోందా అమ్మా?" అనడానికే సరిపోయేది.

కాకినాడలో మాది 40 ఎంబీపీఎస్ ఫైబర్. కంప్లైంట్ పెడితే ఒకబ్బాయి వచ్చి, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, "చూడండి మేడం, ఫుల్లుగా 40 వస్తోంది" అని చూపించి వెళ్లేవాడు. పాపం, అబద్ధం కాదు. అతను వచ్చే టైముకి తమ్ముడు ఏదో పెళ్లి పందిట్లో ఉండేవాడు.

అసలు చూడాల్సింది ఆ పెద్ద అంకె కింద ఎవరూ పట్టించుకోని చిన్న అంకె, పింగ్. అంటే ఒక కబురు అవతలికి వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం. అది కూడా లైను ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మోత మీద, అంటే లైను నిండా డేటా పోతున్నప్పుడు. నేను కొలిస్తే ఖాళీగా 19 మిల్లీసెకన్లు, తమ్ముడు అప్‌లోడ్ మొదలెట్టాక 700 పైన. 40 ఎంబీపీఎస్ లైనులో అంతసేపు ఆగాలంటే ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో దాదాపు మూడున్నర ఎంబీ డేటా వరసలో నిలబడి ఉన్నట్టు. అమ్మ గొంతు ఆ వరస చివర. అన్నవరం ప్రసాదం కౌంటర్‌లో మన ముందువాడు బస్సు మొత్తానికి పొట్లాలు కట్టించుకుంటుంటే, ఒక్క పొట్లం కావలసిన మనం నిలబడి చూస్తుంటామే, అలాగ. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి 2010 ప్రాంతంలో లోకం దృష్టికి తెచ్చింది జిమ్ గెట్టిస్. ఆయనకీ సొంత ఇంటి కనెక్షన్‌లోనే కనబడిందిట.

మందు కూడా పాతదే. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో వరస పెరిగిపోకుండా చూసే కోడెల్ అనే పద్ధతి చెప్పారు. అదే ఏడాది ఎరిక్ డ్యుమాజే దాన్ని ఎఫ్‌క్యూ-కోడెల్‌గా మలిచి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టాడు. ఒక్కో ప్రవాహానికి విడి వరస పెట్టి, తక్కువ సామానున్నవాణ్ణి ముందు పంపించేయడం అందులో కిటుకు. దాని తర్వాతిది కేక్, 2018లో లినక్స్‌లోకి వచ్చింది. ఇవన్నీ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతాయి.

నేను కొన్నది సెకండ్ హ్యాండ్ టీపీ-లింక్ ఆర్చర్ సి7, రెండో వెర్షన్. 1,200 రూపాయలు. 720 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. ఈ రోజుల్లో నాసిగా కనిపిస్తుంది కానీ 40 ఎంబీపీఎస్‌కి ధారాళంగా సరిపోతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఎక్కించడం అరగంట పని. ఆపరేటర్ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మన డబ్బాకి వదిలేసేలా, పెట్టించడానికి మాత్రం నాలుగు ఫోన్లు, ఒక చిన్న గొడవ. తర్వాత ఎస్‌క్యూఎమ్ (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, ఈ వరసల్ని సర్దేది) ప్యాకేజీ వేసి, అందులో కేక్‌ని వాడే 'పీస్ ఆఫ్ కేక్' అన్నది ఎంచుకుని, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ 36 ఎంబీపీఎస్‌కి బిగించాను. లైను కంటే కాస్త తక్కువ ఎందుకంటే, వరస ఆ బాక్సులో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడాలి. అప్పుడే దాన్ని మనం సర్దగలం. మొదటి రోజు ఏ తేడా లేదు. సాయంత్రమంతా తల బద్దలుకొట్టుకుంటే తేలిందేమిటంటే, రౌటర్ పని తేలిక చేయడానికి డేటాని అడ్డదారిన పంపే ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే టిక్కు నేనే పెట్టుకుని మర్చిపోయాను. అది ఉంటే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఎస్‌క్యూఎమ్ పక్కనుంచి జారిపోతాయి.

టిక్కు తీసేశాక మోతలో పింగ్ 26. వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్‌లో ఎఫ్ గ్రేడు నుంచి ఏ గ్రేడుకి ఎగబాకింది. గర్వంగా అమ్మకి చూపించాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని పెద్ద అంకె చూసింది.

"ఏమే, 40 ఉండేది 36 అయింది. బాగుచేశానంటావేంటి?"

నేను టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. చేసిన పని బాగుందని అవతలివాళ్లకి అర్థమయ్యేలా చూపించలేకపోతే చేయనట్టే. డేవ్ టాట్ అని ఈ కేక్ వెనక ఉన్నవాళ్లలో ఒకాయన, 2025లో పోయారు, వేదిక మీద మనుషులనే ప్యాకెట్లుగా నిలబెట్టి ఇది వివరించేవారు. మా ఇంట్లో అంతమంది లేరు. కానీ లినక్స్‌లో పింగ్ కమాండుకి మైనస్ ఏ తగిలిస్తే, జవాబు వచ్చినప్పుడల్లా టింగుమంటుంది. అరసెకనుకి ఒకటి పెట్టి, ల్యాప్‌టాప్ అమ్మ ముందుంచి, "ఆది తాళం వెయ్యమ్మా" అన్నాను.

ఎస్‌క్యూఎమ్ ఆపి ఉంది. టింగు టింగుమంటోంది, అమ్మ దెబ్బ వేసి వేళ్లు ముడుస్తోంది, చక్కగా కలుస్తోంది. తమ్ముడికి సైగ చేశాను. వాడు అప్‌లోడ్ నొక్కాడు. ఒక టింగు సాగింది. తర్వాతిది ఇంకా ఆలస్యం. ఆ వెంటనే రెండు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒకటి రానే లేదు. అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఇదేంటే, లయ తప్పింది."

ఎస్‌క్యూఎమ్ ఆన్ చేశాను. అదే అప్‌లోడ్ నడుస్తోంది. నాలుగైదు టింగులకి మళ్లీ తాళంలో పడింది.

అమ్మని నేనే ప్రభావితం చేస్తున్నానేమోనని మర్నాడు బొమ్మా బొరుసా వేసి, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా పదిసార్లు పెట్టాను. అప్‌లోడ్ ప్రతిసారీ నడిచేలా చూశాను. తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పింది. తప్పిన ఒక్కసారీ కుక్కర్ విజిలేసింది, అది లెక్కలోకి రాదని అమ్మ వాదన.

తమ్ముడికి తాళాలు పట్టవు. వాడి మ్యాక్‌లో నెట్‌వర్క్‌క్వాలిటీ అనే కమాండు ఉంది, 2021లో మాంటెరే అనే మ్యాక్ఓఎస్ వెర్షన్‌తో వచ్చింది. అది మోతలో నిమిషానికి ఎన్నిసార్లు కబురు వెళ్లి రాగలదో ఆర్‌పీఎమ్‌లో చెబుతుంది. ఎస్‌క్యూఎమ్ లేకుండా 90, ఉంటే 1,400. బుల్లెట్ నడిపేవాడు కాబట్టి ఆర్‌పీఎమ్ అనగానే ఎక్కింది. మిల్లీసెకన్లు తగ్గితే మంచిదని చెప్పడం కంటే, పెరిగితే మంచిదనే అంకె చూపించడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

ఇక తీరనివి. టెక్సాస్ ఇక్కడికి సుమారు 14 వేల కిలోమీటర్లు, ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తిన్నగా గీత గీసినా వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు, దారి మలుపులతో ఇంకా ఎక్కువ. గురువూ శిష్యులూ కలిసి పాడటం కుదరదు. అమ్మ పాడాక వాళ్లు అందుకోవాల్సిందే. వైఫై సిగ్నల్ అందని గదికీ ఎస్‌క్యూఎమ్ మందు కాదు, అమ్మ గదికి విడిగా ల్యాన్ వైరు లాగించాను. కొన్ని రాత్రులు లైనే 25కి పడిపోతుంది. అప్పుడు నేను బిగించిన 36కి అర్థం ఉండదు, ఆలస్యం తిరిగొస్తుంది. దానికి లైనుని బట్టి ఆ హద్దుని తనే మార్చే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, ఇంకా పెట్టలేదు. మీది 200 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే ఈ పాత డబ్బా కొనకండి, ఎస్‌క్యూఎమ్ నడుపుతూ అంత స్పీడ్ తట్టుకునే ప్రాసెసర్ కాదిది. ఇంట్లో మీరొక్కరే ఉండి, సినిమాలు చూడటం తప్ప వేరే పని లేకపోతే అసలేదీ కొనకండి. తమ్ముడికి 4 జీబీ ఆల్బమ్ ఎక్కడానికి ఇదివరకటి కంటే నిమిషంన్నర ఎక్కువ పడుతోంది. ఆ గొణుగుడు ఉంది.

పోయిన నెల రెన్యువల్‌కి ఆ అబ్బాయే వచ్చాడు. అలవాటుగా స్పీడ్ టెస్ట్ పెట్టి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "34 దాటట్లేదు మేడం, కంప్లైంట్ రాసుకోనా?"

అమ్మ పైనుంచి, "వద్దు బాబూ, దాన్ని ముట్టుకోకు" అంది.