21 వేల తెరచాప, రెండు వర్షాకాలాల తర్వాత

హుస్సేన్ సాగర్‌లో ఆదివారాలు లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ నడుపుతాను. పాత సెయిల్ ఉతికిన లుంగీలా మెత్తబడిపోవడంతో ఆన్‌లైన్‌లో ప్రాక్టీసు సెయిల్ ఒకటి, అంటే అసలుదానికి నకలు, తెప్పించాను. కొరియర్‌తో కలిపి 21 వేలు. రేడియల్ సైజు (లేజర్ సెయిళ్లలో మధ్యరకం), 5.76 చదరపు మీటర్లు, 3.8 ఔన్సుల డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ. ఈ ఔన్సుల లెక్క వేరు: 36 అంగుళాల పొడవు, 28.5 అంగుళాల వెడల్పు ముక్క ఎంత తూగుతుందో అది. మన లెక్కలో చదరపు మీటరుకు 163 గ్రాములు.

పక్క పడవాయన మైలార్ లామినేట్, అంటే ప్లాస్టిక్ ఫిల్మ్ పొరలు అతికించినది, తీసుకోమన్నాడు. షేపు బాగా నిలుస్తుంది, నిజమే. కానీ తడి సెయిల్‌ను అలాగే చుట్టి షెడ్డులో పడేసే నాలాంటివాడికి అది దండగ. పొరల మధ్య తేమ చేరితే బూజు పడుతుంది, పొరలు ఊడొస్తాయి.

పార్సిల్ చూసి నీరుగారిపోయాను. మడతలు పెట్టి చిన్న డబ్బాలో కుక్కారు. విప్పితే, సెయిల్ అవతల ఏముందో చూడటానికి పెట్టే ప్లాస్టిక్ కిటికీకి అడ్డంగా తెల్ల గీత. ఫొటో పంపితే ‘గాలికి అదే సర్దుకుంటుంది సార్’ అన్నారు. రెండో వానాకాలానికి సరిగ్గా ఆ గీత మీదే చిట్లింది.

గుడ్డ మాత్రం మంచిది. కొత్తలో గంజి పెట్టిన ఖద్దరు చొక్కాలా కరకరలాడేది. ఆ బిగువంతా నేతలో పట్టించిన రెజిన్‌ది. అది పోతే గుడ్డ సాగుతుంది, సెయిల్ పొట్ట వెనక్కి జారుతుంది, జూలై ఈదురుగాలికి పడవ ముందుకు పోకుండా పక్కకు ఒరుగుతుంది.

నా సెయిల్ బిగువు సగం పోగొట్టింది మా అమ్మ. నాచు మరకలున్నాయని సర్ఫ్‌లో నానబెట్టి బట్టల బ్రష్‌తో రుద్దేసింది. లబోదిబోమంటే, ‘మరక పోయిందా లేదా, అది చెప్పు’ అంది. పోయింది, గంజితో సహా.

మిగతా సగం పాపం నాదే. ఒడ్డున చాయ్ తాగుతూ ట్రాలీ మీద సెయిల్‌ను పటపటా కొట్టుకోనిచ్చేవాణ్ణి. డాక్రాన్‌కు ఎండ ఎంత చేటో ఇదీ అంతే. ఇప్పుడు పని అయిన వెంటనే మాస్ట్ (తెరచాప కొయ్య) నుంచి తీసి, కుళాయి నీళ్లతో కడిగి, నీడన ఆరేసి, పీవీసీ పైపుకు చుడుతున్నాను.

బ్యాటెన్ (సెయిల్ అంచు ముడుచుకోకుండా దూర్చే సన్నటి బద్ద) జేబు దగ్గర కుట్టు ఊడితే సికింద్రాబాద్‌లో ఒక టార్పాలిన్ దర్జీ నూలు దారంతో సూటిగా కుట్టిచ్చాడు. నెల కూడా ఆగలేదు. రెండోసారి నేనే పాలిస్టర్ దారం పట్టుకెళ్లి, పక్కన నిలబడి జిగ్‌జాగ్ వేయించాను. అది ఇంకా ఉంది.

లేజర్ పడవలకున్న క్లాస్ రూల్స్ ప్రకారం జరిగే పోటీల్లో ఇలాంటి నకలు సెయిల్ చెల్లదు, పోటీల కోసమైతే కొనకండి. ప్రాక్టీసుకైతే నేను మళ్లీ ఇదే కొంటాను. ట్యూబులో చుట్టి పంపడానికి 900 ఎక్కువ అడుగుతున్నారు. ఈసారి ఇచ్చేస్తాను.