కొబ్బరి తోటలో వర్మీ బెడ్: నాలుగైదేళ్లు వాడాక

పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉండే ఆకుపచ్చ ప్లాస్టిక్ వర్మీ బెడ్ గురించి రాస్తున్నాను. పేడ, ఆకు వేసి ఎర్రలతో (వానపాములతో) ఎరువు చేసుకునే తొట్టి ఇది. మాది కోనసీమ. కొబ్బరి, మధ్యలో అరటి, కాస్త కోకో. మకాం దగ్గర రెండు గేదెలు, ఒక ఆవు. ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే కారణాలకి కాదు. ఇది ఉంటే ఇక ఎరువే కొనక్కర్లేదన్న మాట లెక్క వేస్తే నిలబడదు. దీని అసలు ఉపయోగం నాకు కొమ్ము పురుగు దగ్గర కనిపించింది.

పెంటకుప్ప ఉన్న కొబ్బరి రైతుకి ఈ పురుగు సంగతి కొత్త కాదు. కుప్ప అడుగున పార వేస్తే బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, ముదురు గోధుమరంగు తలలతో ముడుచుకుని పడతాయి. అవి ఆ దశలో చెట్టు జోలికి పోవు. కుళ్లిన పేడ, ఆకు, మొద్దు తిని పెరుగుతాయి. పెంకు పురుగై రెక్కలొచ్చాక చెట్టెక్కి మొవ్వు (నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేత ఆకు) తొలుస్తాయి. ఆ మొవ్వులోంచి విచ్చుకున్న ఆకు కత్తెరేసి కోసినట్టు వస్తుంది. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పెంకు పురుగు ఎగిరేదాకా ఇంచుమించు ఆరు నెలలు పడుతుంది. మన కుప్ప ఏమో వేసవిలో తోలేదాకా ఏడాది పొడుగునా కదలకుండా పడి ఉంటుంది. పురుగుకి కావలసింది అదే కదా.

బెడ్‌లో వేసిన సరుకు రెండున్నర, మూడు నెలల్లో ఎరువై బయటికొచ్చేస్తుంది. పైన తడి గోనె కప్పి ఉంచుతాం కాబట్టి పెంకు పురుగు దిగడమే తక్కువ. ఎక్కడో సందు దొరికి గుడ్డు పెట్టినా, జల్లెడ పట్టేటప్పుడు చిన్న పురుగుగా ఉండగానే దొరికిపోతుంది. కోళ్లు కాచుకుని ఉంటాయి. పాత కుప్ప పూర్తిగా ఎత్తించేశాక, కొత్తగా వస్తున్న ఆకుల్లో కోతలు బాగా తగ్గాయి. పూర్తిగా పోయాయని అనను. పక్క తోటల కుప్పల నుంచి, కొట్టేసి వదిలేసిన కొబ్బరి మొద్దుల నుంచి ఎగిరొస్తూనే ఉంటాయి. అందుకే మొవ్వు చుట్టూ మట్ట సందుల్లో వేప పిండి, ఇసుక చెరో పావుకిలో కలిపి ఏడాదికి మూడుసార్లు వేయించడం మానలేదు. చెట్టెక్కే మనిషికి ఇచ్చేదే దానికయ్యే ఖర్చులో ఎక్కువ. కుప్ప ఎత్తలేని వాళ్లకి మెటారైజియం అనే శిలీంద్రం ఉంది. పెంటలో కలిపితే లోపలి పురుగులకి తెగులు పట్టి, చచ్చి, ఆకుపచ్చ బూజు తేలుతుంది. కొబ్బరి పురుగుల మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం అంబాజీపేటలోనే ఉంది. మన ప్రాంతం వాళ్లు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ఇక ఏం వేయాలన్న సంగతి. అసలు పనంతా ఇక్కడే ఉంది, బెడ్ వట్టి తొట్టి మాత్రమే.

పచ్చి పేడ నేరుగా వేస్తే లోపల వేడెక్కి ఎర్రలు అంచులకి పారిపోతాయి, లేదా చస్తాయి. పేడని, ఆకుని పొరలుగా పక్కన పేర్చి, నీళ్లు చల్లుతూ, ఒకసారి తిరగేసి, పదిహేను ఇరవై రోజులు చల్లారనివ్వాలి. మోచేతిదాకా చెయ్యి దూర్చితే లోపల వెచ్చదనం తగలకూడదు. అప్పుడే బెడ్‌లోకి. ఈ ఒక్క పనికి బద్ధకించిన వాళ్లే, నేను చూసినంతలో, బెడ్డు పనికిరాదని ఒక మూలన చుట్టి పడేస్తున్నారు.

కొబ్బరి ఆకు మనకి ఉన్నంత ఎవరికుంటుంది! మట్టలో లావుపాటి మొదలు పొయ్యికి పోతుంది, ఈనెలు చీపురుకి పోతాయి. మిగిలిన ఆకుని ఎర్రలు తింటాయి, కానీ నిదానంగా. కేరళ కాసరగోడ్‌లోని సీపీసీఆర్ఐ (కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు కొబ్బరి ఆకుని బాగా తినే యూడ్రిలస్ జాతి ఎర్రని గుర్తించి, పది పాళ్ల ఆకుకి ఒక పాలు పేడ చొప్పున ఎరువు చేసే పద్ధతి చెప్పారు. అంత తక్కువ పేడతో నాకు చాలా ఆలస్యం అవుతోంది. మూడు పాళ్ల ఆకుకి ఒక పాలు పేడ దగ్గర కుదురుకున్నాను. ఎండాకు అయితే ముందు రోజు కాలవలో ముంచి పెడితే చాలా తేడా.

అరటి బోదెలు ఎర్రలకి మహా ఇష్టం. గెల కోసిన బోదెని చక్రాలుగా తరిగి వేస్తే, వారం తిరక్కుండా ఆ పొరల మధ్య కుప్పలుగా చేరతాయి. బోదెలో దాదాపు అంతా నీరే. తరిగిన వెంటనే వేస్తే బెడ్ అడుగు బురదై, కుళ్లు వాసన కొడుతుంది. రెండు రోజులు ఎండలో వాడ్చి వేయండి.

కొబ్బరి పొట్టు మాత్రం బెడ్‌లో వేయకండి. పీచు తీసే చోట గుట్టలుగా దొరుకుతుంది కదా అని అందరికీ ఆశ పుడుతుంది. దాంట్లో లిగ్నిన్, అంటే తేలిగ్గా కుళ్లని చెక్క పదార్థం ఎక్కువ, నత్రజనితో పోలిస్తే కర్బనం వంద రెట్లకు పైనే ఉంటుంది. ఎర్రలు దాని చుట్టూ తిరుగుతాయే గానీ ముట్టుకోవు. పొట్టు ఉండాల్సింది చెట్టు పాదులో, నేల మీద పరుపుగా. తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది. వేసవిలో దాని కింద మట్టి తీసి చూస్తే తెలుస్తుంది. ఉప్పునీటి పక్క గుట్ట అయితే ఒక వానాకాలం తడిసి ఉప్పు కడుక్కుపోయేదాకా ఆగాలి.

గుర్రపు డెక్క డ్రెయిన్ల నిండా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఎండలో వాడ్చి, వేళ్లు కోసేసి వాడతాను. నీటిలోని లోహాలు ఎక్కువగా పేరుకునేది వేళ్లలోనే. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే డ్రెయిన్లలోది అసలు తీసుకోను, ఆ ఉప్పుకి ఎర్రలు తట్టుకోలేవు. కోళ్ల పెంట కూడా బెడ్‌కి పనికిరాదు, అమ్మోనియా ఘాటుకి తెల్లారేసరికి ఎర్రలన్నీ పైకి వచ్చేస్తాయి. దాన్ని విడిగా మాగపెట్టి అరటికి వేసుకోవచ్చు. బూడిద, నిమ్మ తొక్కలు, కారం తగిలిన కూరలు ఇవన్నీ వద్దు.

ఇక బెడ్ నాణ్యత. పట్ట కంటే కుట్లు ముందు పోతాయి. మొదట కొన్న బెడ్‌కి మూలల్లో కుట్లు మూడో ఏడు విడిపోయాయి, పట్ట మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. మకాంలో పరదాగా వాడుతున్నాం. కొనేటప్పుడు మూలలు రెండు చేతులతో లాగి చూడండి, వెదురు దూర్చే చోట రెండు వరసల కుట్టు ఉందో లేదో చూడండి. పక్కల ఉండే జాలీ కిటికీలు కొన్నాళ్లకి మన్ను పట్టి మూసుకుపోతాయి, చీపురుతో దులపాల్సిందే. పందికొక్కులు పట్ట కొరికేస్తాయి. కింద ఇటుకలు పరిచి, మూలలకి ముళ్ల కంప పెట్టాక మాకు ఆ బెడద లేదు. చీమలకి చుట్టూ సన్నటి గాడి తీసి నీళ్లు పెడితే చాలు. ఎండ తగలని చోటు తప్పనిసరి, కొబ్బరి నీడ ఒక్కటీ సరిపోదు, పైన తాటాకు పందిరి వేయండి. కాయ పడితే తల పగలకుండా కూడా అదే రక్ష.

ఎర్రల అమ్మకం పెద్ద మాయ. కిలో అని ఇచ్చిన సంచిలో సగానికి పైగా పేడే ఉంది. అడిగితే ప్రయాణంలో చావకుండా అన్నారు. మీ ఊళ్లో బెడ్ నడుస్తున్న రైతు దగ్గర రెండు తట్టల పాత ఎరువు తెచ్చుకోండి. ఎర్రలూ గుడ్లూ అందులోనే వస్తాయి, మన నీళ్లకీ ఎండకీ అలవాటుపడినవి కూడా.

లెక్క విషయానికొస్తే, నిండా వేసిన బెడ్ నుంచి ఒక విడతకి నలభై కిలోల బస్తాలు పదిహేనుకి అటూ ఇటూ వస్తాయి. ఎకరానికి అరవై, డెబ్బై కొబ్బరి చెట్లు. చెట్టుకి ఇరవై కిలోలు వేయాలంటే 1,200 నుంచి 1,400 కిలోలు, అంటే రెండు విడతలు, ఒక్కోసారి ఆ పైనే. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ ఇవ్వమన్నది సాధారణ సిఫారసు. వర్మీలో నత్రజని ఒకటిన్నర శాతం ఉందనుకున్నా ఇరవై కిలోలకి 300 గ్రాములే. పొటాష్ 200 గ్రాములు దాటితే గొప్ప. కొబ్బరికి ముఖ్యంగా కావలసింది ఆ పొటాషే. కాబట్టి నేను పొటాష్ బస్తా కొంటూనే ఉన్నాను, యూరియా మాత్రం సగానికి తగ్గించాను. నేల గుల్లబారింది, పాదులో పిల్ల వేళ్లు పైపైకి కనిపిస్తున్నాయి. కాయ పెరిగిందా అంటే, వానలు, తెల్లదోమ, ధర అన్నీ కలిసిన ఏళ్లలో ఇది బెడ్ వల్లేనని చెప్పను.

బెడ్ కింది గొట్టంలోంచి ఊరి వచ్చే నీళ్లని, అంటే వర్మీవాష్‌ని ఒకటికి పది నీళ్లు కలిపి కూరపాదులకి, కొబ్బరి నారుకి కొడుతున్నాం. ఆకు నిగనిగలాడుతుంది. అంతకు మించి మహిమలేమీ నాకు కనపడలేదు.

రెండు మూడు పశువులున్న వాళ్లకి ఒక బెడ్, పక్కన మాగేసే గుంట సరిపోతాయి. ఆరేడు పశువులుంటే ఇటుక తొట్లు కట్టుకోవడమే నయం, ఈ పట్టలు మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. గోదారి మధ్య లంకల్లో ఉన్నవాళ్లు మాత్రం జూన్‌లో కొత్త విడత మొదలుపెట్టకండి. నిండిన బెడ్ టన్నుకి పైనే ఉంటుంది, గోదారి పొంగితే దాన్ని కదిలించేవాడు లేడు.