కారేదంతా కీలు దగ్గరే: ఎనిమిదేళ్లుగా వాడిన పైపు రీళ్ల సమీక్ష

మాది శ్రీకాకుళం ఊరి అంచున, ఆమదాలవలస వెళ్లే దారిలో ఒక చిన్న డాబా ఇల్లు. ముందు పూల కుండీలు, వెనక దొడ్డిలో రెండు కొబ్బరి చెట్లు, జామ, మునగ, కరివేపాకు, కాలాన్ని బట్టి బీర, ఆనప పాదులు. కుళాయి నుంచి చివరి కొబ్బరి మొదలు దాకా టేపు పెట్టి కొలిస్తే 26 మీటర్లు. 2017 వేసవిలో మొక్కలకి నీళ్లు పెట్టే పైపు చుట్టుకునే మొదటి రీలు కొన్నాను. ఇప్పుడు గోడకి ఉన్నది మూడోది. ఈ మధ్యలో కుళాయి కనెక్టర్లు, పైపు బిగించే క్లిప్పులు, నీళ్లు చిమ్మే గన్నులు ఎన్ని మారాయో లెక్క లేదు. "చేదతో తోడి పోసిన రోజుల్లో చెట్లు బతకలేదేటమ్మా" అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నూతి దగ్గర నడుం పట్టేసిన సంగతి మాత్రం చెప్పరు.

మొదటిది ఆకుపచ్చ ప్లాస్టిక్ చక్రాల బండి. 30 మీటర్ల అరంగుళం పైపు, ఏడు రకాల జల్లు కొట్టే గన్ను, అన్నీ కలిపి ఒకే డబ్బాలో వచ్చాయి. డబ్బా మీద బొమ్మలో నీళ్లు గోడ దాటి పడుతున్నాయి. మా ఇంట్లో గన్ను జెట్ గీతకి తిప్పి నొక్కితే నా చెప్పుల మీద పడ్డాయి. గన్ను పాడైందనుకుని షాపుకి పట్టుకెళ్లాను. అక్కడ మోటారు లైనుకి పెట్టి చూపిస్తే బొమ్మలో లాగే కొట్టింది.

తర్వాత అర్థమైంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకి ఒక బార్ ప్రెషర్ ఉంటుంది. మా ట్యాంకు డాబా మీద ఉంది, కుళాయికీ దానికీ మధ్య నాలుగు మీటర్లు. అంటే 0.4 బార్. ఇలాంటి గన్నులు సరిగ్గా కొట్టాలంటే ఇంచుమించు రెండు బార్లు కావాలి. డాబా ట్యాంకు నీళ్లతో తడిపేవాళ్లు ఎన్ని రకాల జల్లులున్నాయో చూసి మురిసిపోకండి. మీ నీళ్లకి అందులో రెండే పనిచేస్తాయి, ఆ రెండూ బొటనవేలు అడ్డం పెట్టినా వస్తాయి.

ఆ ఆదివారం కూర్చుని బకెట్ లెక్క తీశాను. 15 లీటర్ల బకెట్ కుళాయి కింద పెడితే 40 సెకన్లలో నిండింది. అదే కుళాయికి 30 మీటర్ల అరంగుళం పైపు నేరుగా తగిలిస్తే రెండు నిమిషాల ఐదు సెకన్లు. పైపు అదే, మధ్యలో రీలు పెడితే రెండు నిమిషాల యాభై. ఆ ముప్పావు నిమిషం ఎక్కడ పోతోందో తెలిసింది మాత్రం ఏడాది తర్వాత, కీలు విప్పినప్పుడు.

కీలు అంటే రీలు తిరుగుతుంటే నీళ్లు లోపలికి వెళ్లే చోటు. బయట ఒక ప్లాస్టిక్ ఎల్బో, దాని లోపల తిరిగే ముక్క, రెంటి మధ్య నీళ్లు కారకుండా ఆపే నల్లటి రబ్బరు ఓ-రింగ్. పిన్ను తీసి బయటికి లాగితే ఓ-రింగ్ మీద కత్తితో గీసినట్టు గాటు ఉంది, గాడిలో ఇసుక గింజలు మూడో నాలుగో. ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుకే అది. ఎల్బో కన్నంలో పెన్సిల్ పెట్టి చూశాను. బిగుతుగా పట్టింది. అరంగుళం పైపుకి డబ్బులిచ్చి పెన్సిలంత దారిలోంచి నీళ్లు పంపుతున్నానన్నమాట. రీలు కొనేటప్పుడు చక్రాలు, పిడి, రంగు చూస్తాం. ఈ కన్నం ఎవరూ చూడరు, షాపువాడూ చూపించడు. అడిగి విప్పించి చూడండి.

ఆ బండికి ఆయుష్షు ఎలాగూ లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చిన రాత్రి దొడ్లోనే ఉండిపోయింది. పలాస వైపు పడ్డ దెబ్బతో పోలిస్తే మాది ఏమీ కాదు, కానీ మునగ కొమ్మ విరిగి సరిగ్గా పిడి మీద పడింది. పిడి రెండు ముక్కలు. విరిగిన అంచు చేత్తో నలిపితే పొడి రాలింది. ఏడాదిన్నర ఎండకే ప్లాస్టిక్ అలా అయిపోయింది.

రెండోది గోడకి తగిలించే పెట్టె. పైపు లాగి వదిలితే దానంతట అదే లోపలికి చుట్టుకుంటుంది. 20 మీటర్లు, ఏడు వేల పైన పడింది. చెల్లెలి పిల్లలకి ఇదొక ఆట అయిపోయింది. ఒకసారి చెల్లి కొడుకు చివర వదిలేస్తే గన్ను గాల్లో ఎగురుకుంటూ వచ్చి పూలకుండీని పగలగొట్టింది. చివర చేత్తో పట్టుకుని గోడ దాకా నడిచి వెళ్లి వదలాలి, అంతే. మొదటి రెండేళ్లు హాయిగా ఉంది. తర్వాత స్ప్రింగు నీరసించి ఆఖరి నాలుగు మీటర్లు బయటే వేలాడేవి. పైపుకి అంటిన బురద కూడా లోపలికే పోతుంది. వానాకాలంలో పెట్టె తెరిస్తే లోపల ఒక గోండ్రుకప్ప, ఇంటిల్లిపాదినీ చూసినా కదలకుండా కూర్చుంది. మూత తెరవొచ్చు గానీ స్ప్రింగు ఉన్న డ్రమ్ము మాత్రం ఇంట్లో విప్పకండి. అది బిగిసి చుట్టుకుని ఉంటుంది, వదిలితే చేతులు కోస్తుంది. నాకు నచ్చని అసలు విషయం వేరే: 20 మీటర్ల పైపు కొబ్బరి చెట్టు దాకా రాదు. ఇది కొనే ముందు కొలుచుకోకపోవడం నా తెలివితక్కువతనం.

ప్రెషర్ కోసం మధ్యలో ఒక వేసవి మోటారు లైనుకే పైపు తగిలించాను. అర హెచ్‌పీ మోటారు, గన్ను బ్రహ్మాండంగా కొట్టింది. ఫోన్ మోగిందని గన్ను నొక్కు వదిలి లోపలికి వెళ్లాను. నీళ్లు పోయే దారి లేదు, మోటారు తిరుగుతూనే ఉంది, రోహిణి కార్తె ఎండకి పైపు మెత్తబడి ఉంది. క్లిప్పు దగ్గర పైపు ఊడి పాములా కొట్టుకుంటూ వరండా అంతా తడిపేసింది. అప్పటి నుంచి మోటారు జోలికి పోలేదు. ట్యాంకు నీళ్లయినా పని అయ్యాక గన్ను దగ్గర కాదు, కుళాయి దగ్గరే కడతాను.

ఫిట్టింగుల సంగతికి వస్తే, ఇక్కడే ఎక్కువ డబ్బులు పోయాయి. ఆన్‌లైన్‌లో ఇత్తడి కనెక్టర్ల సెట్టు ఒకటి చూసి ముచ్చటపడి తెప్పించాను. చేతిలో బరువుగా ఉంది, మెరుపు బాగుంది. కుళాయికి పెడితే ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. ప్లంబర్ వచ్చి చూసి, "తిప్పకండమ్మా, మర తెగిపోద్ది. ఇది మన కొలత కాదు" అన్నాడు. అది జీహెచ్‌టీ అనే అమెరికా తోట పైపుల థ్రెడ్డు, అంగుళానికి పదకొండున్నర చుట్లు. మన కుళాయిలది బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత, అరంగుళమైనా ముప్పావు అయినా అంగుళానికి 14 చుట్లు. రెండూ ముప్పావే అని రాసి ఉంటుంది, చూపుకి తేడా తెలియదు. వివరాల్లో జీహెచ్‌టీ అని కనిపిస్తే మనకి కాదు.

ఆ ప్లంబరే ఇంకో మాట చెప్పాడు. రబ్బరు వాషర్ ఉన్న కనెక్టర్‌కి టెఫ్లాన్ టేపు అక్కర్లేదు, అక్కడ నీళ్లు ఆపేది వాషరే. మనం కంగారుపడి పది చుట్లు టేపు చుట్టి బిగిస్తే ప్లాస్టిక్ గొంతు పగులుతుంది. నేను అలా రెండు పగలగొట్టాను.

నొక్కితే టిక్ మని పట్టుకునే ప్లాస్టిక్ కనెక్టర్లని 1968లో జర్మనీకి చెందిన గార్డెనా కంపెనీ తెచ్చింది. ఇప్పుడు అదే తీరులో ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, చాలావరకు ఒకదానికొకటి పడతాయి. నీడలో ఉంటే ఇవి బాగానే వస్తాయి. మా ముందు వరండాలోది ఐదో ఏడు. దొడ్లో ఎండలో ఉన్నది ఏడాదిన్నరకి పళ్లు ఊడిపోయింది. పైపు ఊడితే నీళ్లు ఆగే రకం కనెక్టర్ డాబా ట్యాంకుకి వద్దు, ఉన్న కాస్త ప్రెషర్ కూడా అదే తినేస్తుంది.

ఇత్తడి అని అమ్మేవన్నీ ఇత్తడి కావు. లోపలి అంచు మీద మేకుతో గీస్తే పసుపు కనిపించాలి. బూడిద రంగు వస్తే అది మజాక్ అనే జింకు మిశ్రమలోహం మీద పూత. మా ఇంట్లో అలాంటిది మూడేళ్లు నిలిచింది. అదే రోజు, అదే షాపులో కొన్న జత కళింగపట్నంలో మా చెల్లి ఇంట్లో రెండో వానాకాలానికే తెల్లగా పొక్కిపోయింది. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర ఇల్లు, కిటికీ ఊచలే ఆగవు. వాళ్లు పెట్టిన అల్యూమినియం కనెక్టర్ ఇత్తడి కుళాయికి అతుక్కుపోయింది. మా మరిది పానా పట్టి బలంగా తిప్పితే కనెక్టర్ రాలేదు, గోడలోంచి కుళాయే ఊడి వచ్చింది. ఆ రిపేరు ఖర్చుతో రెండు మంచి ఇత్తడి సెట్లు వచ్చేవి.

క్లిప్పులు స్టెయిన్‌లెస్ అంటారు. ఫ్రిజ్ మీద అయస్కాంతం తీసుకెళ్లి పట్టీకి కాదు, స్క్రూకి పెట్టి చూడండి. చాలావాటికి పట్టీ మంచిదే, స్క్రూ మాత్రం పూత పూసిన ఇనుము. తుప్పు పట్టాక విప్పడానికి రాదు, కోయాలి.

పైపు విషయంలో ఒకటే మాట. లోపల జాలీ అల్లిక ఉన్నది, ముదురు రంగుది తీసుకోండి. పారదర్శకంగా ఉన్న పైపులో ఎండకి నాచు పట్టి, ఆ ముక్కలు గన్నుకి అడ్డం పడతాయి. గన్ను మూతి కిందికి ఉండేలా తగిలించడం కూడా అలవాటు చేసుకోండి. దసరాకి వారం ఊరెళ్లి వస్తే కుమ్మరి పురుగు మా గన్ను మూతిలో మట్టితో చక్కగా గూడు కట్టేసింది. సూదితో తీస్తే సగం లోపలికే పోయింది.

ఇప్పుడున్నది మూడో రీలు. ఇనుప చట్రం, ఇత్తడి కీలు, గోడకి బిగించేది, చేత్తో తిప్పేది. విశాఖలో కొన్నాం, నాలుగేళ్లు దాటింది. కీలు కన్నంలో నా చిటికెన వేలు దూరుతుంది, కొనేముందు షాపులోనే పెట్టి చూశాను. పైపు ముప్పావు అంగుళానిది, 30 మీటర్లు. బకెట్ నిమిషంలో నిండుతోంది. కొబ్బరి పాదులు రెండూ నిండేసరికి కాఫీ కూడా చల్లారదు. చట్రం మీద పెయింటు ఒక మూల లేచింది, నిరుడు రెడ్ ఆక్సైడ్ పూశాను.

దీని కష్టాలూ ఉన్నాయి. పైపు నిండా నీళ్లుంటే ఆ నీళ్లే ఎనిమిదిన్నర కిలోలు, పైపు బరువు వేరే. మొదట బిగించినవాడు ప్లాస్టరింగులో చిన్న స్క్రూలు కొట్టి వెళ్లాడు, నెల తిరక్కుండా ఒక వైపు వేలాడింది. మళ్లీ ఇటుకలోకి దిగేలా నాలుగు యాంకర్ బోల్టులు వేయించాం. మధ్యాహ్నం ఎండకి పైపులో ఉన్న నీళ్లు కాగుతాయి. మొదటి ఎనిమిది లీటర్లూ బకెట్‌లో పట్టి పక్కన పెడతాను, చల్లారాక మొక్కలకే పోస్తాను. ఒకసారి పట్టకుండా నేరుగా వదిలితే బీర మొలకలు ఉడికిపోయాయి.

అత్తగారు దీన్ని తిప్పలేరు. అందుకని ముందు వైపు స్కూటర్ మెకానిక్ దగ్గర దొరికిన పాత కారు రిమ్ము గోడకి బిగించి, పది మీటర్ల అరంగుళం పైపు దాని మీద చుట్టి పెట్టాం. తిరగదు, కీలు లేదు, కాబట్టి కారదు. ఆవిడ కనకాంబరాలకి రోజూ అదే వాడతారు. నిజం చెప్పాలంటే చిన్న ఇంటికి ఇదే చాలు. దొడ్డి పెద్దదైతేనే రీలుకి డబ్బులు పెట్టండి.

ఇత్తడి కీలు ఓ-రింగ్ ఇప్పటికి ఒక్కసారే మార్చాను. పాతది జేబులో వేసుకుని మోటారు స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే, కొలత చూసి పది రూపాయలకి ఒకటి ఇచ్చారు. ఐదు తీసుకున్నాను. వేస్‌లిన్ రాయకండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తే చాలు. మొన్న పొద్దున్న కీలు కింద ఒక తడి మచ్చ కనిపించింది. డబ్బాలో ఇంకా నాలుగున్నాయి.