లివర్ కడిగే పొడి అని అమ్ముతున్నరు, పైలం

హన్మకొండ, కాజీపేట, జమ్మికుంట దిక్కు ఉన్నోళ్లు ఇది చదవండి. ఇంట్ల ఎవరికన్నా ఏండ్ల తరబడి తాగి లివర్ పాడైతే, ఫోన్ల వచ్చే యాడ్లు చూసి పైసలు కట్టకండి. మా అక్క బావ కోసం 7,500 కట్టింది. "మూడు నెలల కోర్సు, లివర్ కొత్తదైతది" అన్నరు. కొరియర్ల రెండు పొడి డబ్బాలు, ఒక సిరప్ సీసా, ఒక పథ్యం కాగితం వచ్చినయి.

డబ్బా మీద "21 మూలికలు" అని ఉన్నది గని అవేందో ఒక్కటీ రాయలేదు. తేదీ స్టిక్కర్ గోటితోని గీకితే కింద ఇంకో తేదీ తేలింది. ఆయుర్వేద మందు లైసెన్సు నంబరు లేదు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరే ఉన్నది. అంటే అది తిండి సామాను కింద లెక్క. దాన్ని రోగం నయం చేసే మందని చెప్పి అమ్మొద్దు.

వీళ్ల కిటుకంతా రిపోర్టు కాడ ఉంటది. కోర్సు నడిచినన్ని దినాలు లిక్కర్ ముట్టొద్దంటరు. బావ ముట్టలేదు. నెలకు టెస్టు చేపిస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ అనే లివర్ ఎంజైములు మూడూ దిగినయి. "చూసిండ్రా మా పొడి పవర్" అని రిపోర్టు ఫొటో అడిగి తీసుకున్నరు, వెంటనే రెండో కోర్సు అంటగట్టజూసిండ్రు. తాగుడు బందు పెడితే ఏ పొడి లేకున్నా అవి దిగుతయి. ఉత్త ఫ్యాటీ లివరైతే కొవ్వు కూడా కొన్ని వారాలల్లనే కరుగుతది.

ఇంకో సంగతి. లివర్ గట్టిపడి సిరోసిస్ దాకా పోయినోళ్లకు కూడా ఆ ఎంజైములు నార్మల్ రావొచ్చు. గ్యాస్ట్రో డాక్టరు వాటిని ఒక్క చూపు చూసి పక్కకు పెట్టిండు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు అనే లివర్ అసలు హాలతు చెప్పే రక్త పరీక్షలు చూసి, లివర్ ఎంత గట్టిపడ్డదో చూపే ఫైబ్రోస్కాన్ రాసిండు. మిగతావి దిగినా బిలిరుబిన్ మాత్రం పెరిగే ఉన్నది. పొడి వల్లనేనని ఆయన అనలేదు గని అదే పూట ఆపించిండు. తిప్పతీగ, పసుపు సారం గోలీలతోని లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నయట. ఇగ లోపల ఏమున్నదో రాయని డబ్బాను ఏం నమ్మాలె?

పథ్యం కాగితం ఇంకా ఘోరం. గుడ్డు, పప్పు, మాంసం బంద్, జావ మజ్జిగతోనే నెట్టుకు రావాలె. బావ భుజాలు ఎండిపోయి అంగీ హ్యాంగరుకు వేసినట్టయింది. డాక్టరు ఉల్టా చెప్పిండు: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ పడాలె, రాత్రి పండుకునే ముందు కూడా ఇంత తినాలె.

ఫోన్ల మాట్లాడే పోరడు అందరికీ ఒకటే చెప్తడు, "రేపు పొద్దుగాల్నుంచి చుక్క ముట్టొద్దు" అని. రోజూ బాగా తాగేటోళ్లు ఒక్కసారి ఆపితే చేతులు వణుకుతయి, రెండు దినాల లోపల ఫిట్స్ రావొచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికి రావొచ్చు. మన దిక్కు కల్తీ కల్లుల ఆల్ప్రాజోలం అనే మత్తు గోలీల మందు గిట్ల కలుపుతరు, అది ఆపినా అదే తిప్పలు. బావకు ఏం కాలేదు, నసీబు. మాన్పియ్యాలంటే డాక్టరు చేతుల మీదుగనే మాన్పియ్యాలె. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిల సైకియాట్రీ ఓపీ ఉన్నది, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేస్తే పైసా ఖర్చు లేదు.

"ఆయనకు తెల్వకుండ అన్నంల కలపండి" అని ఇంకో పొట్లం కూడా అమ్మజూసిండ్రు. అక్క వద్దన్నది, మంచిదైంది. అసొంటి దాంట్ల తాగుడు మాన్పియ్యనీకి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ ఉంటే, తెల్వక మీద లిక్కర్ తాగినోడి బీపీ పడిపోతది. అది లివర్‌ను కూడా దెబ్బ కొట్టగలదు.

పైసలు వాపస్ అడిగితే సీలు తీసిండ్రన్నరు, తర్వాత నంబరు బ్లాక్ చేసిండ్రు. మీ ఇంట్ల ఇసొంటి డబ్బాలుంటే పారేయకండి. డబ్బా, బిల్లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పెట్టుకొని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు, తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ 1800 599 6969కు చెప్పండి. రోగాలు నయం చేస్తమనే యాడ్ల మీద 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు కేసులు పెడుతుంటరు. మొన్న చూస్తే అదే డబ్బా వేరే పేరుతోని, కరీంనగర్ డెలివరీ ఫ్రీ అని మళ్ల తిరుగుతున్నది.